ఒక్క మంచి బంతి

మా అబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి. మా వారికి క్రికెట్ పిచ్చి. నాకు రెండూ సమానమే. అంటే రెండూ పట్టవు. అలాంటిది నేను బేస్‌బాల్ గురించి రాయడానికి కూర్చున్నానంటే దానికో కారణం ఉంది. ముందు ఆ కారణం చెప్పేస్తాను. అది చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగా ఉన్నా సరే.

2024 ఆగస్టులో ఒక శుక్రవారం. మా టీములోకి ఒక టెస్టింగ్ ఉద్యోగానికి మనిషి కావాలి. మా డైరెక్టరు నా ముందు పదకొండు రెజ్యూమేలు పెట్టి, "సోమవారానికి ఐదుగురిని తేల్చు" అన్నాడు. నేను మధ్యాహ్నం భోజనం చేస్తూ తిరగేశాను. అందులో ఒకటి మన తెలుగమ్మాయిదే. హైదరాబాద్‌లో మూడేళ్ళ ఉద్యోగం, తర్వాత ఏడేళ్ళు ఖాళీ, ఈ మధ్య ఆన్‌లైన్‌లో చేసిన రెండు కోర్సులు. ఆ ఏడేళ్ళ ఖాళీ చూశాను, పక్కన పెట్టేశాను. ఎంతసేపు పట్టింది? పది సెకన్లు పట్టి ఉంటుందేమో. సాంబారన్నం చల్లారకముందే ఒక మనిషిని తీసేశాను.

అదే రోజు సాయంత్రం మా వాడు అందరినీ ఆటకి లాక్కెళ్ళాడు. మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. ఇక్కడ రైడర్స్ ఫీల్డ్ అని ఒక స్టేడియం ఉంది. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ అనే జట్టు అక్కడ ఆడుతుంది. టికెట్లు పెద్ద ఖరీదు కాదు, పైగా మైదానం అవతలి గోడ వెనక నీళ్ళలో ట్యూబుల మీద తేలుతూ ఆట చూసే ఏర్పాటు కూడా ఉంది. మా అత్తయ్యగారు అప్పటికి గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలు. లోపలికి తిండి తేనివ్వరని తెలిసి, పార్కింగ్‌లో కారాపి అందరికీ పులిహోర తినిపించి మరీ దింపారు. సాయంత్రం ఏడున్నరకి కూడా ఎండ చురుక్కుమంటోంది.

మొదటి ఇన్నింగ్స్‌లోనే మన జట్టు పిచర్‌ని చితకబాదారు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. పరిగెత్తుకుంటూ రాడు, చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి విసురుతాడు. ఈ అబ్బాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. ఒక బంతి గోడ దాటింది. తర్వాత ఇద్దరికి బంతులు గురి తప్పి ఊరికే బేస్ ఇచ్చేశాడు. మళ్ళీ ఒకటి గోడ దాటింది. అతను టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నేల కేసి చూస్తున్నాడు.

"ఆ పిల్లాడి తల్లి ఎక్కడ కూర్చుందో పాపం" అన్నారు అత్తయ్యగారు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "వాణ్ణి ఇంకా ఎందుకు ఉంచారురా? ఇంటికి పంపెయ్యచ్చుగా?" అని మనవణ్ణి అడిగారు.

"పంపరు నానమ్మా. వాడి స్లైడర్ చాలా బావుంటుంది. అది ఒక్కటి చూసే ఉంచుకున్నారు."

స్లైడర్ అంటే చివర్లో పక్కకి జారిపోయే బంతి. మా పద్నాలుగేళ్ళవాడు నానమ్మకి చెప్తూంటే నేనూ విన్నాను. ఈ రోజుల్లో స్టేడియంలలో కెమెరాలు ప్రతి బంతినీ కొలుస్తాయిట. ఎంత వేగం, గాలిలో ఎన్నిసార్లు తిరిగింది, ఎంత పక్కకి జారింది, అన్నీ. పరుగులు ఎన్ని ఇచ్చాడన్నది నిన్నటి సంగతి. ఆ బంతి ఎలా తిరుగుతుందన్నది రేపటి సంగతి. జట్టు వాళ్ళు రెండోది చూస్తారుట.

"అంటే పది వంటలు మాడ్చినా, పప్పుచారు బాగా పెట్టిన కోడలిని ఉంచుకున్నట్టన్నమాట" అన్నారు అత్తయ్యగారు. ఎవరి గురించి అన్నారో నేను అడగలేదు.

నాకు మాత్రం అక్కడే గొంతులో ఏదో అడ్డుపడింది. ఎందుకంటే నన్నూ ఒకప్పుడు అలాగే ఎవరో ఉంచుకున్నారు.

నేను 2007లో పెళ్ళి చేసుకుని హెచ్-4 వీసా మీద వచ్చాను. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆ వీసా సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. బి.టెక్. ఉంది, రెండేళ్ళ ఉద్యోగం చేసిన అనుభవం ఉంది, పని చెయ్యడానికి మాత్రం అనుమతి లేదు. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన వాళ్ళ భార్యలకీ భర్తలకీ పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. నాకు కార్డు చేతికొచ్చిన రోజు దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత ఎనిమిది నెలలు దండిగా దరఖాస్తులు పంపాను. ఎవరైనా ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఒకటే. "ఈ ఎనిమిదేళ్ళు ఏం చేశారు?"

ఏం చెప్తాం? పిల్లాణ్ణి పెంచాను. నాలుగు అపార్ట్‌మెంట్లు మారాను. మా తెలుగు సంఘానికి ఆరేళ్ళు జమాఖర్చులు రాశాను. ఇవేవీ రెజ్యూమేలో పెట్టే సంగతులు కావనుకునేదాన్ని.

చివరికి ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ. అరవైకి దగ్గర పడిన అమెరికన్ ఆవిడ మేనేజరు. ఆవిడ టేబుల్ మీద ఒక రిపోర్టు ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నా చూపు దాని మీద పడింది. ఆగలేక, "ఈ కాలమ్ మొత్తం తప్పుందండీ" అన్నాను. ఆవిడ కూడి చూసింది. తప్పే. దీపావళి విందు లెక్కల్లో పన్నెండు డాలర్లు తేలక రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్న కళ్ళు అవి, ఊరుకోవు. ఆవిడ నా ఎనిమిదేళ్ళ గురించి ఇంకేమీ అడగలేదు. ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చింది. మొదటి నెలలో నేను పెద్ద పొరపాటు చేశాను, ఒక రిలీజు రెండు రోజులు ఆగిపోయింది. ఆవిడ నన్ను తిట్టలేదు, దగ్గర కూర్చోబెట్టుకుని నేను పనిచేసే పద్ధతిలో ఒక్క విషయం మార్చింది. మిగతాదంతా అలాగే ఉంచమంది.

అలాంటి నేను, ఆ మధ్యాహ్నం, పది సెకన్లలో.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మా వాణ్ణి కదిపాను. అమ్మ బేస్‌బాల్ గురించి అడుగుతోందన్న ఆనందంలో వాడు అర్ధరాత్రి దాకా చెప్పాడు. తర్వాత నేనూ చదువుకున్నాను. అందులో నాకు పనికొచ్చినవి ఇక్కడ చెప్తాను.

పెద్ద లీగులో 30 జట్లున్నాయి. ఒక్కోదాని కింద నాలుగు మెట్లు, అంటే 120 మైనర్ లీగ్ జట్లు. సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. మా ఫ్రిస్కో జట్టు టెక్సస్ రేంజర్స్ వాళ్ళ డబుల్-ఏ. ఆస్టిన్ దగ్గరి రౌండ్ రాక్‌లో ఉన్నది ట్రిపుల్-ఏ. పైమెట్టు ఆర్లింగ్టన్. ఫ్రిస్కో నుంచి ఆర్లింగ్టన్‌కి కారులో గంట ప్రయాణం, ఆ మైదానంలో ఉన్న కుర్రాడికి మాత్రం అది కొన్నేళ్ళ ప్రయాణం. చాలామందికి జీవితకాలం. జీతాలు చూస్తే ఆశ్చర్యపోతారు. 2023లో కొత్త ఒప్పందం వచ్చేవరకూ డబుల్-ఏ కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆ ఒప్పందంతో 30,250 అయింది. పైమెట్టు ఎక్కితే 2024లో కనీస జీతం 7,40,000 డాలర్లు. 

వెనకబడిన పిచర్ మీద జట్లు ఎందుకు పందెం కాస్తాయో ఈ అంకెల్లోనే తెలుస్తుంది. జాలితో కాదు. ఉంచుకుంటే పోయేది తక్కువ, ఫలిస్తే వచ్చేది ఎక్కువ. కానీ డబ్బొక్కటే పెడితే చాలదు, ఓపిక కూడా పెట్టాలి. ఆ ఓపికకి కొలత చెప్పే పద్ధతి ఒకటుంది, రూల్ ఫైవ్ డ్రాఫ్ట్ అంటారు. ఒక జట్టు తన మైనర్ లీగ్ కుర్రాణ్ణి కొన్నేళ్ళయినా ముఖ్య జాబితాలోకి తీసుకోకపోతే, డిసెంబరులో వేరే జట్టు వచ్చి అతన్ని తీసుకోవచ్చు. ఇప్పుడు దానికి ధర 1,00,000 డాలర్లు. షరతేమిటంటే, తీసుకున్నాక మరుసటి సీజనంతా అతన్ని పెద్ద జట్టులోనే ఉంచాలి. ఓడినా, బాదించుకున్నా. లేదంటే సగం ధరకి పాత జట్టుకే తిరిగి ఇవ్వజూపాలి.

యోహాన్ సంటానా అనే వెనెజులా కుర్రాడు అలాగే 1999 డిసెంబరులో హ్యూస్టన్ వాళ్ళ చేతిలోంచి జారి మినెసోటా ట్విన్స్‌కి చేరాడు. అప్పటికి సింగిల్-ఏ దాటి ఆడలేదు. 2000లో ట్విన్స్ అతన్ని ఏడాదంతా ఉంచుకున్నారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఆరున్నర పరుగులిచ్చాడు. నాలుగు లోపు ఉంటే మంచి పిచర్ అంటారు, మరి ఆరున్నరంటే అర్థం చేసుకోండి. అయినా వదల్లేదు. 2002లో మళ్ళీ ట్రిపుల్-ఏకి పంపి ఒక్క బంతి మీద కూర్చోబెట్టారు, వేగం తగ్గించి మోసం చేసే ఛేంజప్ మీద. 2004లోనూ 2006లోనూ ఆ లీగులో అత్యుత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే.

మా రేంజర్స్ కథ ఇంకోటి ఉంది. 1996లో ఆర్.ఏ. డికీ అనే కుర్రాణ్ణి మొదటి రౌండులో ఎంచుకుని 8,10,000 డాలర్లిస్తామన్నారు. వైద్య పరీక్షలో అతని మోచేతిలో ఉండాల్సిన లిగమెంటు అసలు లేదని తేలింది. మాట 75,000కి దిగింది. పదేళ్ళు పైకీ కిందకీ తిరిగాడు. చేతిలో వేగం తగ్గాక నకుల్‌బాల్ నేర్చుకున్నాడు. ఎటు పోతుందో విసిరినవాడికే తెలియని బంతి అది. 2006 ఏప్రిల్‌లో ఆ బంతితో పెద్ద లీగులో దిగిన ఒక ఆటలో ఆరు బంతులు గోడ దాటాయి. వెంటనే కిందకి పంపారు. తర్వాత ఒక్కో జట్టూ మారుతూ 2010కి న్యూయార్క్ మెట్స్ దగ్గర మైనర్ లీగ్ కాంట్రాక్టుకి చేరాడు. 2012లో 20 ఆటలు గెలిచి, 38 ఏళ్ళ వయసులో సై యంగ్ తీసుకున్నాడు. ఇంట్లో కూర్చుని, నలభై దగ్గరపడుతోంది ఇంకేం మొదలుపెడతాం అనుకునే మనకి ఈయన ఫోటో ఫ్రిజ్ మీద పెట్టుకోవచ్చు.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అత్తయ్యగారికి ఇవన్నీ చెప్తుంటే మా వాడు మధ్యలో దూరాడు. "నానమ్మా, మన రేంజర్స్‌కి కుమార్ రాకర్ అని ఒకతను ఉన్నాడు తెలుసా?"

"కుమారా?" ఆవిడ కప్పు కింద పెట్టారు. "మనవాడేనా?"

వాళ్ళమ్మ పేరు లలిత, భారత సంతతి ఆవిడ. నాన్న ట్రేసీ రాకర్ పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. కుమార్ 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకవుట్ చేసి, అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021లో మెట్స్ పదో స్థానంలో ఎంచుకుని 60 లక్షల డాలర్లకి ఒప్పుకున్నారు. వైద్య పరీక్ష రిపోర్టులు చూసి వెనక్కి తగ్గారు. అతను భుజానికి ఆపరేషన్ చేయించుకుని, ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని ఒక స్వతంత్ర లీగులో ఆడి మళ్ళీ మొదలుపెట్టాడు. 2022లో మా రేంజర్స్ మూడో స్థానంలోనే తీసుకున్నారు, అందరూ ముక్కున వేలేసుకునేలా. 2023లో మోచేతికి ఆపరేషన్. ఇంకో ఏడాది పోయింది. 2024 వేసవిలో కోలుకుని, ఇదే ఫ్రిస్కో మట్టి దిబ్బ మీద నుంచి, రౌండ్ రాక్ మీదుగా పైకి వెళ్తున్నాడు.

"మూడేళ్ళు కూతురు పుట్టింట్లో ఉండిపోతే ఊరంతా అడుగుతారు" అన్నారు అత్తయ్యగారు. "ఆ లలిత ఎంతమందికి సమాధానం చెప్పుకుందో."

ఆవిడ ఆట చూడలేదు. ప్రతిసారీ ఆటగాడి తల్లినే చూశారు. నాకు ఆ రెజ్యూమే గుర్తొచ్చింది. ఆ ఏడేళ్ళ ఖాళీ గురించి ఆ అమ్మాయి ఎంతమందికి సమాధానం చెప్పుకుందో.

సోమవారం పొద్దున్నే పక్కన పెట్టిన కాగితం తీసి ఐదింటిలో పెట్టాను. మా డైరెక్టరు కనుబొమ్మ ఎగరేసి, "నీ ఊరి అమ్మాయనా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు కొంచెం గుచ్చుకుంది. ఊరమ్మాయనే అనుమానం నాకూ ఒకటి ఉంది, అందుకే శుక్రవారం అంత తొందరగా తీసేశానేమో కూడా. మనవాళ్ళని తీసుకుంటే పక్షపాతం అంటారన్న భయంతో మనవాళ్ళనే ముందు తీసేసేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. "కాదు, ఇంటర్వ్యూలో తేలుతుంది" అన్నాను.

ఇంటర్వ్యూలో ఏడేళ్ళు ఏం చేశారని అడగలేదు. "ఈ ఏడేళ్ళలో మీరు పట్టుబట్టి సాధించిన పని ఒకటి చెప్పండి" అని అడిగాను. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. వాళ్ళబ్బాయికి మాట్లాడే థెరపీ కావాలి. ఇన్సూరెన్సు వాళ్ళు కాదన్నారు. ఏ తేదీన ఎవరితో మాట్లాడింది, వాళ్ళేమన్నారు, పాలసీలో ఏ పేజీలో ఏముంది అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటూ, వాళ్ళు చెప్పిన రెండు కారణాలకీ పొంతన లేదని చూపించి, మూడో అప్పీలులో గెలిచింది. టెస్టింగ్ అంటే అదేగా. ఒక చోట చెప్పింది ఇంకోచోట ఎందుకు నిజం కావడం లేదో పట్టుకోవడం. నాకు స్లైడర్ కనిపించింది.

ఆరు నెలల కాంట్రాక్టు ఇప్పించాను. ఆ అక్టోబరులో చేరింది. అంతకుముందు నెల, సెప్టెంబరు 12న, కుమార్ రాకర్ సియాటిల్‌లో పెద్ద లీగు మొదటి ఆట ఆడాడు. మా ఇంట్లో అందరం టీవీ ముందే. నాలుగు ఇన్నింగ్స్, ఒక్క పరుగు, ఏడుగురు స్ట్రైకవుట్. అత్తయ్యగారు ఏడో వాడు అవుటయినప్పుడు చేతులు జోడించారు. ఎవరికో నాకు తెలుసు.

ఇక్కడితో ఆపేస్తే చక్కటి కథ అవుతుంది. కానీ ఆపకూడదు. 2025 సీజన్ రాకర్‌కి కష్టంగానే గడిచింది, మళ్ళీ మైనర్ లీగ్‌కి పంపారు. 2008లో మన దేశంలో పెట్టిన పోటీ ద్వారా వెలుగులోకి వచ్చి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్‌ల మీద సినిమా వచ్చింది గానీ, ఇద్దరూ పెద్ద లీగు దాకా వెళ్ళలేదు. దినేశ్‌ని 2010లో వదిలేశారు. ఆ శుక్రవారం రాత్రి మేం చూసిన కుర్రాడు కూడా పైకి వెళ్ళకపోవచ్చు. అవకాశం ఇవ్వడమంటే గెలుపు ఇవ్వడం కాదు. ఒకరు మళ్ళీ బంతి చేతిలోకి తీసుకునే చోటు ఇవ్వడం, కొన్నాళ్ళు చేతిలోనే ఉండనివ్వడం.

మా అమ్మాయి కథా అంతే. మూడో నెలలో ఒక పెద్ద తప్పు దొర్లింది. మా డైరెక్టరు నా కేసి చూశాడు. నేను ఆ పాత మేనేజరు నాకు చేసినట్టే చేశాను. పక్కన కూర్చుని ఒక్కటి మార్చాను. అన్నీ ఒకేసారి పరీక్షించబోయి కంగారు పడుతోంది, ఆ స్ప్రెడ్‌షీట్ అలవాటు ఇక్కడా మొదలుపెట్టమన్నాను. కాంట్రాక్టు రెండుసార్లు పొడిగించారు. పర్మనెంట్ చేస్తారో లేదో ఇంకా తేలలేదు. చెయ్యకపోతే నాకు బాధగానే ఉంటుంది. కానీ ఆ అమ్మాయి రెజ్యూమేలో ఇప్పుడు చివరి గడి ఖాళీగా లేదు. ఇంకో జట్టు చూస్తుంది.

మనలో చాలామందికి ఏదో ఒక ఖాళీ ఉంది. వీసా వల్ల, పిల్లల వల్ల, అత్తమామల జబ్బుల వల్ల. ఆ ఖాళీలో మనం విసిరిన మంచి బంతి ఒకటి ఉండే ఉంటుంది. అదేమిటో మనకి ముందు తెలియాలి, తర్వాత అడిగినవాళ్ళకి సిగ్గుపడకుండా చెప్పాలి. ఇక బల్లకి ఇటువైపు కూర్చునే అదృష్టం పట్టినవాళ్ళం ఉంటే, పది సెకన్లు కాకుండా పది నిమిషాలు చూడాలి. నేను మళ్ళీ ఎప్పుడైనా తొందరపడతానేమోనని ఆ రోజు ఆట టికెట్టు ఆఫీసు సొరుగులో పెట్టుకున్నాను.

అత్తయ్యగారు గుంటూరు వెళ్ళిపోయారు. వారానికోసారి ఫోన్‌లో మనవడి చదువు, నా నడుము నొప్పి అయ్యాక తప్పకుండా అడుగుతారు: "ఆ బాదించుకున్న పిల్లాడు ఎలా ఉన్నాడ్రా? ఇంకా ఆడుతున్నాడా?"

"ఆడుతున్నాడు నానమ్మా" అంటాడు మా వాడు.

"ఆడనివ్వండి" అంటారావిడ.